పదిహేడు ఒకట్లు, ఇరవైముగ్గురు మనుషులు

కళ్ళలో పొర ముదిరి చదువుకోవడం కుదరనప్పటి నుంచీ కేళు మాష్ మధ్యాహ్నాలు బీడీల కార్ఖానాకి వచ్చి కూర్చునేవాడు. అక్కడ చదువు చెవికి దొరుకుతుంది. ఇరవైముగ్గురు గోడ వారగా కూర్చుని బీడీలు చుడుతుంటే వాళ్ళలో ఒకడు గట్టిగా పేపరు చదువుతాడు. చదివేవాడు చుట్టలేడు కాబట్టి వాడి వంతు బీడీలు మిగతావాళ్ళు తలా కాసిని చుట్టి వాడి చాటలో వేస్తారు. కేరళలో కణ్ణూరు చుట్టుపక్కల ఏ కార్ఖానాకి వెళ్ళినా ఇదే పద్ధతి. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఎవరూ తప్పరు.

మాష్ నలభై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినవాడు. ఆ వరసలో సగం మంది ఆయన చేతి దెబ్బలు తిన్నవాళ్ళే. అదే వరసలో కూర్చునే చాత్తుకి ఆ యోగం లేదు. మాష్ ఐదో తరగతి నుంచి చెప్పేవాడు, చాత్తు మూడుతో మానేశాడు. మూడో తరగతి చివర భాగహారం నేర్పారు. నేర్పిన వారానికే తండ్రి అతని చేతిలో తునికాకు కత్తిరించే కత్తెర పెట్టాడు. అందుకని చాత్తు లెక్కలో చదువంటే భాగహారమే. ఇప్పుడు అరవై దగ్గర పడుతున్నా, బస్సు టిక్కెట్టు చేతికొస్తే దాని మీది నంబరు ఏడుతో శేషం లేకుండా పోతుందేమో చూసి గాని పారెయ్యడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అసలు చాత్తు ఏ సంగతీ ఎవరికీ చెప్పడు.

ఏప్రిల్లో విషు పండగ వెళ్ళిన వారంలో ఒకరోజు పేపరు రాలేదు. చదివేవాడు చేతులు నలుపుకుంటూ కూర్చున్నాడు. ఊరికే కూర్చున్నవాడికి బీడీలు ఎందుకు చుట్టాలని గొణుగుడు మొదలైంది. సంఘం కార్యదర్శి అనంతన్ మాష్ వైపు తిరిగాడు.

“మాషే, ఇవాళ మీరే ఏదైనా చెప్పండి. దెబ్బలు లేకుండా.”

మాష్ గొంతు సవరించుకున్నాడు. “ఒకటి పక్కన ఒకటి పెట్టుకుంటూ పోండి. రెండు ఒకట్లు పదకొండు. అది దేనితోనూ పోదు. మూడు ఒకట్లు?”

“నూటపదకొండు.”

“మూడుతో పోతుంది. నాలుగు ఒకట్లు పదకొండుతో పోతాయి. ఐదు ఒకట్లు నలభైఒకటితో. ఏడు ఒకట్లు కాస్త మొండికేసి రెండువందల ముప్పైతొమ్మిదికి లొంగుతాయి. ఇలా పదహారు దాకా అన్నీ లొంగిపోతాయి. పదిహేడు ఒకట్లున్నాయే, అవి లొంగవు. పద్నాలుగేళ్ళు అడిగాను దాన్ని. కళ్ళు పోయేదాకా అడిగాను.”

అందరి చేతులూ ఒక్క క్షణం ఆగాయి. అనంతన్ చేతులు మాత్రం చాలాసేపు ఆగాయి. ఆ రోజుల్లో సంఘం చీలేలా ఉంది. అనంతన్ ఒకవైపు, ఉపకార్యదర్శి పొక్కన్ ఒకవైపు. ఏ విషయం మీద అని అడిగితే ఇద్దరూ గంటసేపు చెప్పేవారు, విన్నవాడికి తేడా తెలిసేది కాదు. చీలిక ఆపడానికి ఏం చెయ్యాలా అని అనంతన్ నెలరోజులుగా తల పట్టుకుని ఉన్నాడు.

“మాషే, ఇది అంకె కాదు, ఇది మన సంఘం!” అని లేచి నిలబడ్డాడు. “భుజం భుజం ఆనించి నిలబడ్డ పదిహేడుగురు కార్మికులు! ఎవడొచ్చినా ముక్కలు చెయ్యలేడు!”

“మనం ఇరవైముగ్గురం,” అన్నాడు పొక్కన్.

“అయితే?”

“ఏం లేదు. లెక్క చెప్పా.”

కార్ఖానా వెనక సంఘం గ్రంథాలయం కడుతున్నారు. నాలుగు నెలల్లో వచ్చే ఓణం పండగకి తెరవాలి. గుమ్మం మీద పెట్టే రాయికి ఏం చెక్కించాలో ఇంకా తేలలేదు. అనంతన్ అప్పటికప్పుడు తేల్చేశాడు. పైన పదిహేడు ఒకట్లు. కింద ‘దీనిని ఎవరూ భాగించలేరు’ అని ఒక వరస. దాని కింద కేళు మాష్ పేరు.

మాష్ కంగారుపడ్డాడు. “ఆగండాగండి. పూర్తిగా తేలలేదు. నేను ఇరవై లక్షల దాకా ఉన్న అంకెలతో చూశాను. నిక్కచ్చిగా తేలాలంటే పదిన్నర కోట్ల దాకా చూడాలి.”

“దానికి ఎన్నాళ్ళు పడుతుంది?”

“నేను చేసిన వేగాన అయితే, ఐదువందల ఏళ్ళ పైన.”

“రాయి ఓణానికి లేవాలి మాషే,” అని అనంతన్ చేతులెత్తమన్నాడు.

ఇరవైరెండు చేతులు లేచాయి. పొక్కన్ కూడా ఎత్తాడు. ఆ రెండు వర్గాలూ కలిసి చేతులెత్తడం అదే ఆఖరుసారి. మాష్ సంఘం మనిషి కాదు గనక ఆయన్ని ఎవరూ అడగలేదు. ఎత్తని చెయ్యి చాత్తుది.

“ఎందుకెత్తలేదు చాత్తేట్టా?” అని అనంతన్ అడిగాడు. పెద్దవాడని అందరూ అతన్ని ‘ఏట్టా’ అంటారు, అన్నా అన్నట్టు.

“లెక్క అవలేదు.”

కార్ఖానా అంతా ఘొల్లుమంది. “ఐదువందల ఏళ్ళు ఆగుతాడట! అప్పటికి ఆకు ఎండిపోదూ?” అన్నాడొకడు. “ఆయన ఒక్క బీడీ వెలిగించుకోడానికే అంతసేపు తీసుకుంటాడు,” అన్నాడు ఇంకొకడు.

అనంతన్ నవ్వలేదు. “సంఘం తీర్మానం మీద అనుమానం ఉన్నవాడు ఆ అనుమానం తీర్చుకోవాలి. ఓణం దాకా రోజూ రెండు గంటలు నువ్వు భాగించు. చదివేవాడికి చుట్టినట్టే నీ వంతు మేం చుడతాం. సరేనా?”

సిగ్గుపడి ఊరుకుంటాడని అన్నాడు ఆ మాట. చాత్తు కత్తెర కింద పెట్టి మాష్ పక్కకి జరిగాడు.

“ఎక్కణ్ణించి మొదలెట్టాలి?”

మాష్ ముఖం వెలిగింది. ఆ వెలుగు ఎవరికీ కనబడకుండా తుండుతో తుడుచుకున్నాడు. “విను. ఈ పదిహేడు ఒకట్లని ఏ అంకైనా నిశ్శేషంగా భాగించిందంటే, ఆ అంకెని ముప్పైనాలుగుతో భాగిస్తే ఒకటి మిగలాలి. ఎందుకని అడక్కు, చెప్పడానికి ఏడాది పడుతుంది. అంచేత ముప్పైనాలుగేసి గెంతుకుంటూ పో. దార్లో మూడుతో, ఐదుతో, ఏడుతో, పదకొండుతో, పదమూడుతో పోయేవాటిని వదిలెయ్. ఇరవై లక్షల పదిహేడు దగ్గర మొదలెట్టు. దాని కిందవన్నీ నేను చూసేశాను.”

చాత్తు బీడీకట్టల మీద అంటించే లేబుల్ కాగితాలు చెడిపోయినవి ఏరుకుని, వాటి వెనక మొదలెట్టాడు. రోజుకి ఏడెనిమిది భాగహారాలు అయ్యేవి. మూడో తరగతిలో నేర్చుకున్నట్టే నోట్లో ఎక్కం గొణుక్కుంటూ, చుక్క పెట్టి అంకె దించుకుంటూ చేసేవాడు. టీ వేళకి ఎవరో ఒకరు అడిగేవారు.

“పోయిందా?”

“మిగిలింది.”

మొదట్లో అది తమాషాగా ఉండేది. వానలు పట్టేసరికి తమాషా పోయింది. రాయి అనంతన్ ఆలోచన కాబట్టి ఆ అంకె పోకూడదని అతని వర్గం పట్టుబట్టింది. అనంతన్ అలా పట్టుబట్టాడు గనక అది పోయి తీరాలని పొక్కన్ వర్గం కోరుకుంది. లెక్క ఎలా చేస్తున్నాడో ఇద్దరిలో ఎవరూ వంగి చూడలేదు. “మిగిలింది కదా?” అని అడిగితే అనంతన్ మనిషి. “ఇంకా పోలేదా?” అంటే పొక్కన్ మనిషి. అనంతన్ మనుషులు చాత్తు చాటలో వేసే బీడీలు పొగాకు లేక సన్నబడ్డాయి. పొక్కన్ మనుషులవి చుట్టల్లా లావెక్కాయి. చాత్తు రెండు రకాలూ కలిపి కట్టలు కట్టేవాడు. ఎవరినీ ఏమీ అనలేదు.

కర్కాటకం నెల దాటింది. ఓణం ఇంకా తొమ్మిది రోజులుంది. రాయి చెక్కి తెచ్చి గోనెపట్టా కప్పి గుమ్మం పక్కన పెట్టారు. ఆ మధ్యాహ్నం చాత్తు ఇరవై లక్షల డెబ్భైఒక్క వేల ఏడువందల ఇరవైమూడు దగ్గరికి వచ్చాడు.

చివరి అంకె దించుకుని తీసేస్తే సున్నా వచ్చింది.

తప్పు చేశాననుకున్నాడు. ఇంకో కాగితం తీసి మొదటి నుంచీ చేశాడు. సున్నా. మూడో కాగితం మీద వచ్చినదాన్ని పెట్టి వెనక్కి గుణించాడు. కుడివైపు నుంచి ఒకటి, దాని పక్కన ఒకటి, దాని పక్కన ఒకటి, రాయి మీద చెక్కినట్టే వరసగా వచ్చి నిలబడ్డాయి.

“మిగిలింది కదా చాత్తేట్టా?”

“మిగిలింది,” అన్నాడు. బతుకులో అదే మొదటి అబద్ధం అనలేం గాని, భాగహారంలో మాత్రం మొదటిది.

కాగితాలు మడిచి మొలలో దోపుకుని, గొడుగు వేసుకుని మాష్ ఇంటికి వెళ్ళాడు. మాష్ వరండాలో పడకకుర్చీలో ఉన్నాడు. ఆయన భార్య మాధవి ఉడికించిన కర్రపెండలం, నూరిన మిరపకాయలు తెచ్చి పెట్టింది. చాత్తు ముట్టుకోలేదు. మాష్‌కి ముఖాలు కనబడవు గాని, ముట్టుకోకపోవడం తెలిసింది.

“పోయిందా?” అన్నాడు మాష్.

“పోయింది.”

“దేనితో?”

చెప్పాడు. మాష్ పెదవులు కదిలాయి. “ఎంత వచ్చింది?”

“ఐదువందల ముప్పైయారు కోట్ల, ముప్పైరెండు లక్షల, ఇరవైరెండు వేల, మూడువందల యాభైయేడు.”

“గుణించు. గట్టిగా, నాకు వినబడేటట్టు.”

చాత్తు గుణించాడు. మాష్ కళ్ళు మూసుకుని వేళ్ళ కణుపుల మీద బొటనవేలు నడిపిస్తూ వెంటే వచ్చాడు. ఒక్కో స్థానం తేలినప్పుడల్లా ఇద్దరూ కలిసి “ఒకటి” అనేవారు. పన్నెండో ఒకటి దగ్గర మాధవి వంటింట్లోంచి కేకేసింది.

“ఏమిటా ఒకటి, ఒకటి? ఇంట్లో ఏమైనా వేలం వేస్తున్నారా?”

పదమూడో ఒకటి ఇంకా గట్టిగా వచ్చింది. పదిహేడోది తేలాక మాష్ చెయ్యి ఒళ్ళో పడిపోయింది.

“నేను ఇరవై లక్షల దగ్గర ఎందుకు ఆపానో తెలుసా చాత్తూ?”

“కళ్ళు...”

“కళ్ళు కాదు. ఇంకో ఆరు నెలలు ఓర్చుకునేవి కళ్ళు. గుండ్రంగా ఉంది కదా, ఇక్కడ ఆపుదాం అని ఆపాను. పిల్లవాడు ఇలా ఆపితే తొడపాశం పెట్టేవాణ్ణి.” తల కుర్చీకి ఆనించి, “పద్నాలుగేళ్ళు గంగపాలు,” అన్నాడు. “చెప్పెయ్ వాళ్ళకి. రాయి మీంచి నా పేరు చెక్కి తీసెయ్యమను.”

కుర్చీలోంచి లేచి, తడుముకుంటూ లోపలికి వెళ్ళి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. మాధవి పిలిచినా లేవలేదు. ఆ పూట తినలేదు.

మర్నాడు టీ వేళకి అడక్కముందే చాత్తు చెప్పాడు. “పోయింది.”

పొక్కన్ తొడ చరిచాడు. అనంతన్ చేతిలో ఆకు చిరిగింది.

“ఎవరు చూశారు?” అన్నాడు అనంతన్.

“నేను.”

“నువ్వు మూడో తరగతి. ఆయన నలభై ఏళ్ళు లెక్కలు చెప్పిన మాష్. ఆయన పోదన్నాడు.”

“ఆయన ఇప్పుడు పోతుందన్నాడు.”

“గుడ్డివాడు ఎలా చూశాడు?” అన్నాడు అనంతన్, అని నాలిక కరుచుకున్నాడు. అయినా వెనక్కి తగ్గలేదు. “సంఘం తీర్మానం చేసింది. ఇరవైరెండు చేతులు లేచాయి. దాన్ని కొట్టెయ్యాలంటే మళ్ళీ చేతులే లేవాలి.”

చాత్తు మొలలోంచి కాగితం తీసి చాచాడు. “ఓటెందుకు? గుణించి చూడండి.”

కాగితం వరస పొడుగునా నడిచింది. ప్రతివాడూ దాన్ని పట్టుకుని కనుబొమలు ముడిచి, తల ఆడించి, పక్కవాడికి ఇచ్చాడు. ఒక్కడూ గుణించలేదు. ఇటు చివర బయల్దేరిన కాగితం అటు చివరికి వెళ్ళి, అక్కణ్ణించి మళ్ళీ చాత్తు చేతికి వచ్చింది. దాని మీద పొగాకు మరకలు కొన్ని పెరిగాయి, అంతే.

“పోతుంది అనేవాళ్ళు?” అన్నాడు అనంతన్.

పొక్కన్ వైపు పదకొండు చేతులు లేచాయి.

“పోదు అనేవాళ్ళు?”

అనంతన్ తన చెయ్యి కూడా కలిపి లెక్కపెట్టాడు. పదకొండు.

ఇరవైరెండు తలలు చాత్తు వైపు తిరిగాయి. అతని చేతులు ఒళ్ళో ఉన్నాయి.

“ఎత్తు చాత్తేట్టా! నువ్వే కదా పోయిందన్నావు!” అని పొక్కన్ అరిచాడు. “ఇన్నాళ్ళూ లావు బీడీలు తిని ఇప్పుడు చెయ్యెత్తవా?”

“ఎత్తకు చాత్తేట్టా, సంఘం రెండు ముక్కలైపోతుంది,” అన్నాడు అనంతన్. గొంతులో బతిమాలడం ఉంది.

“ఇది చెయ్యెత్తే పని కాదు,” అన్నాడు చాత్తు.

“అంటే నీకే అనుమానమా?”

“లేదు.”

ఆ ‘లేదు’కి రెండు వైపులవాళ్ళూ రెండు అర్థాలు చెప్పుకున్నారు. గొడవ గుమ్మం దాటి, వానలోకి వెళ్ళి, తడిసి మళ్ళీ లోపలికి వచ్చింది. పొక్కన్ తన వైపు పదిమందినీ వెంటేసుకుని చాప తీసి ఎదుటి గోడ కింద పరిచాడు. సాయంత్రానికి రెండు సంఘాలు. రెండింటికీ ఒకటే పేరు, ఒకటే జెండా. తామే అసలు సంఘమని రెండూ తీర్మానించుకున్నాయి, ఏకగ్రీవంగా.

చాత్తు లేచి చాట తీసుకుని రెండు చాపలకీ మధ్య, గుమ్మం దగ్గర కూర్చున్నాడు. ఇరవైమూడుని రెండుతో భాగిస్తే ఎంత మిగులుతుందో అతనికి అప్పుడు తట్టింది. అంత తేలిక లెక్క ముందే తట్టనందుకు కాస్త సిగ్గేసింది.

ఓణం వచ్చింది, వెళ్ళింది. గ్రంథాలయం తెరవలేదు. ఇప్పుడు కార్ఖానాలో ఇద్దరు చదివేవాళ్ళు. అటు ఒక పేపరు, ఇటు ఒక పేపరు, ఒకేసారి, ఒకరిని మించి ఒకరు. మధ్యలో కూర్చున్న చాత్తుకి రెండూ వినబడేవి, ఏదీ అర్థమయ్యేది కాదు. అతని వంతు బీడీలు ఎవరూ చుట్టడం లేదు. చుట్టుకుంటూ తన ఆలోచనలో తను ఉండేవాడు. ఆ పెద్ద అంకె, ఐదువందల కోట్లది, అతన్ని వదల్లేదు. అది దేనితోనైనా పోతుందా? చూడాలంటే ఎన్నాళ్ళు? నాలుగు రోజులు అలా చుట్టాక ఐదో రోజు చెయ్యి ఆగిపోయింది. చాట అక్కడే వదిలేసి మాష్ ఇంటికి వెళ్ళాడు.

మాష్ ఇంకా గోడవైపే ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. “రోజుకి రెండు గుక్కల గంజి కంటే దిగడం లేదు,” అంది మాధవి. “నువ్వు తెచ్చిన అంకె ఏమిటో గాని నాయనా, మా ఇంటికి మంచిది కాదు.”

చాత్తు మంచం పక్కన గచ్చు మీద కూర్చున్నాడు.

“మాషే, ఆ రెండో అంకె కూడా దేనితోనైనా పోతుందేమో చూద్దామనుకున్నా.”

“చూసుకో. నాకెందుకు?”

“చూడక్కర్లేదు.”

చాత్తు మాటలు కూడబలుక్కున్నాడు. అతనికి అది గుణకారం కంటే కష్టం.

“అది ఏ అంకెతోనైనా పోతే, ఆ అంకెతో మన పదిహేడు ఒకట్లూ పోవాలి. అవునా?”

“అవును.”

“అది పోవడమంటూ ఉంటే, డెబ్భైమూడు వేల చిల్లర లోపు అంకె ఏదో ఒకదానితో పోవాలి. ఆ పైన చూసే పని లేదు. అవునా?”

“...అవును.”

“ఆ లోపు అంకెలన్నీ మీరు చూసేశారు కదా. ఇరవై లక్షల దాకా చూశారు. ఒక్కటీ పోలేదు.”

మంచం కిర్రుమంది. మాష్ ఇటు తిరిగాడు.

“చిన్నదానికీ అంతే,” అన్నాడు చాత్తు. “అంచేత ఈ రెండూ ఇంక దేనితోనూ పోవు. ఎవరొచ్చినా పోవు. అది నేను తేల్చింది కాదు. మీ లెక్కే.”

మాష్ లేచి కూర్చున్నాడు. చాలాసేపు వేళ్ళ కణుపుల మీద ఏదో నడిచింది. ఆయన ముఖంలో సంతోషం వస్తూ వస్తూ గుమ్మంలో ఆగింది.

“డెబ్భైమూడు వేలంటే నేను మొదటి ఎనిమిది నెలల్లోనే దాటేశాను చాత్తూ. ఆ ఎనిమిది నెలలూ పనికొచ్చాయి, సరే. మిగతా పదమూడేళ్ళూ?”

దానికి చాత్తు ముందే జవాబు అనుకుని రాలేదు. బయట వాన చూస్తూ ఆలోచించాడు.

“అవి లేకపోతే నేను అడుగునించి మొదలెట్టాలి. నా ఆయుష్షు చాలేది కాదు.”

మాష్ చెయ్యి చాచాడు. తడుముకుంటూ చాత్తు భుజం దొరకపుచ్చుకున్నాడు. కాసేపటికి వంటింటి వైపు కేకేశాడు.

“మాధవీ, గంజి ఉందా? చేప కూడా ఏమైనా ఉంటే పట్రా. ఇద్దరికి.”

రాయి ఇప్పటికీ కార్ఖానా గుమ్మం పక్కనే ఉంది. అది తమదని రెండు సంఘాలూ అంటాయి గనక ఎవరూ కదపలేదు, ఎవరూ ఎక్కడా పెట్టలేదు. మాష్ పేరు కూడా ఎవరూ చెక్కి తీసెయ్యలేదు. తెల్లవారుతూనే రెండు వర్గాలవాళ్ళూ వచ్చి దాని మీదే కత్తెరలు నూరుకుంటారు, అనంతన్ ఒక పక్క నుంచి, పొక్కన్ ఒక పక్క నుంచి. నూరగా నూరగా అటొకటి ఇటొకటి అరిగిపోయి ఇప్పుడు పదిహేను ఒకట్లే కనబడుతున్నాయి. వాటి కింద ‘దీనిని ఎవరూ భాగించలేరు’ అన్నది మాత్రం చెక్కు చెదరలేదు.

పదిహేను ఒకట్లు మూడుతోనే పోతాయి. చాత్తు రోజూ లోపలికి వెళ్తూ దాని వంక చూస్తాడు. ఎవరూ అడగలేదు గనక చెప్పలేదు.